మారకముందే మావోడు

మీ గొలుసు ఎత్తుకుపోయిన మనిషి చేతికే మీ ఇంటి తాళం చెవి ఇచ్చి, మీరు బయటికి వెళ్లగలరా?

తొందరపడి జవాబు చెప్పకండి. క్షమ గొప్ప గుణమని వేదికలెక్కి చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల ఇళ్ల తలుపులకు గొళ్లెం ఒకటి, తాళం ఒకటి, పైన కెమెరా ఒకటి ఉంటాయి. నేనూ ఆ వేదికలెక్కినదాన్నే. అందుకే ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. నిజం చెప్పాలంటే, నేను ఇవ్వలేను. ఇచ్చిన మనిషి గురించి రాస్తున్నాను.

నేను కోలారు జిల్లాలో ప్రొబేషన్ అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. ఈ ఉద్యోగం ఏమిటో ఎవరికీ తెలియదు. మా అత్తగారు చివరిదాకా నేను బ్యాంకులో పనిచేస్తున్నాననే అనుకున్నారు. ఆ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం చెబుతున్నాను. మొదటిసారి ఏదో నేరం చేసి దొరికినవాణ్ణి జైలుకు పంపాలా, సత్ప్రవర్తనకు బాండు రాయించుకుని ఇంటికి పంపాలా అని న్యాయమూర్తి ఆలోచించే సమయంలో, ఆ మనిషి ఇల్లూ వాకిలీ, చుట్టుపక్కలా చూసివచ్చి నివేదిక ఇవ్వడం మన పని. ఇంటికి పంపితే కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండడమూ మన పనే.

ఇంకొక మాట ముందే చెప్పేస్తాను. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నంగలిలో బడిపంతులుగా ఉన్న మా నాన్న తన తండ్రికి తద్దినం పెట్టనని ఊరందరి ముందు చెప్పి, బంధువుల చేత తిట్లు తిన్న మనిషి. మా ఇంటి అరుగు మీద జరిగిన వాదప్రతివాదాలు వింటూ పెరిగాను. పెద్దయ్యాక నేనూ పాస్టర్లతో, పురోహితులతో సభల్లో వాదించాను. ఇది చదివి నేను మతం పుచ్చుకున్నానని ఎవరైనా సంబరపడబోతే, ఆ శ్రమ తీసుకోవద్దని మనవి.

నారాయణప్పగారు నేర్పినవి

నా మొదటి పై అధికారి నారాయణప్పగారు. ఆయన నేర్పిన మంచి సంగతులు మూడు. ఎవరింటికీ చెప్పి పోవద్దు. పోయాక ముందు వంటిల్లు చూడు. ఆ మనిషంటే పడని పొరుగువాడితో తప్పకుండా మాట్లాడు. నా ఉద్యోగమంతా ఈ మూడింటితోనే గడిచింది.

ఆయన నేర్పిన చెడ్డ సంగతి ఒకటుంది. "కండ్లలో నీళ్లు రావల్లమ్మా. నీళ్లు వచ్చినోడికి మంచిగా రాయి, రానోడిని వదిలెయ్యి" అనేవారు. పశ్చాత్తాపం ఉన్నవాడే దయకు అర్హుడని ఆయన సిద్ధాంతం. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. కానీ కోర్టు వరండాలో కూర్చుంటే దాని గతి తెలుస్తుంది. పాత ముద్దాయి కొత్త ముద్దాయికి పాఠం చెబుతుంటాడు: మేడం వచ్చినప్పుడు తల దించుకో, పెళ్లాం పేరు చెప్పి ఏడు, కాళ్లు పట్టుకో. ఏడుపు చేతనైనవాడు ఇంటికి పోయేవాడు, చేతకానివాడు జైలుకు పోయేవాడు. దేవుడి ఎదుట మొక్కుబడి నాటకాలాడతారని భక్తులను వెక్కిరించే నేను, నా కుర్చీ ఎదుట అదే నాటకం చూసి మార్కులు వేస్తూ వచ్చాను.

మోటారు దొంగ

శ్రీనివాసపురం తాలూకాలో ఒక ఊరు. గంగులప్ప అనే కుర్రవాడు పక్కవాళ్ల మామిడితోటలో బోరు మోటారు విప్పి అమ్ముకున్నాడు. దొరికాడు. నిజంగానే కుమిలిపోయాడు, నటన కాదు. నేను మంచి నివేదిక రాశాను, కోర్టు బాండు మీద విడిచిపెట్టింది. నా పని సఫలమైందనుకున్నాను.

తర్వాతి నెల చూడబోతే, వాళ్లమ్మ పాల క్యానుతో గుమ్మంలో కూర్చుని ఉంది. ఊరి పాల కేంద్రంలో ఆమె పాలు పోయించుకోవడం లేదట. మోటారు పోయిన రైతును కలిసి, కోర్టే విడిచిపెట్టాక మీకేమిటని అడిగాను. "కోర్టు ఇడిసిపెట్టింది మేడం. మేము ఇడిసిపెట్టలా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, వాన రాలేదని చెప్పినట్టు చెప్పాడు. మామిడి కాపు ముగిసేసరికి గంగులప్ప ఏదో లారీ ఎక్కి పోయాడు. ఎక్కడున్నాడో వాళ్లమ్మకూ తెలియదు.

కోర్టు ఒక మనిషిని వదలగలదు, చేర్చుకోలేదు. చేర్చుకోవడానికి మనుషులు కావాలి. ఆ ఊరి మూఢత్వం మీద నిప్పులు చెరుగుతూ ఒక వ్యాసం రాద్దామని కూర్చున్నాను. అప్పుడు మా హేతువాద సంఘమే గుర్తొచ్చింది. తాగి సభకు వచ్చాడని ఒక మంచి వక్తను మేం తీర్మానం చేసి తొలగించాం. తొలగించే విధానం మా నియమావళిలో వివరంగా ఉంది. తిరిగి చేర్చుకునే విధానం లేదు. అలాంటిది ఒకటి కావాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆ వ్యాసం రాయలేదు.

సగంలో ఆగిన ఫ్యాను

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కేజీఎఫ్‌లో, బంగారు గని మూతపడ్డాక కూడా జనం వదలని కార్మికుల ఇళ్ల వరసల్లో, లైన్లంటారు వాటిని, ఒక ఇల్లు. అందులో రూతమ్మ అనే వితంతువు ఒంటరిగా ఉండేది. డెబ్బై దాటిన మనిషి. భర్త గనిలో కిందికి దిగి పనిచేసి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన అన్నేళ్లు బంగారం తవ్వితే, ఆ ఇంట్లో మిగిలిన బంగారం ఆమె గొలుసొక్కటే.

అదే లైన్లో దానియేలు ఉన్నాడు. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి కరెంటు పని చేసి వచ్చేవాడు. తాగుడు ఎక్కువై ఆ పని పోయింది. రూతమ్మ పిలిస్తే ఫ్యాను బాగుచేయడానికి వచ్చాడు. నీళ్ల ట్యాంకరు వచ్చిందని ఆమె బిందెతో వీధిలోకి వెళ్లింది. గొలుసు గూట్లో రేకు డబ్బాలో ఉంది. ఆమె తిరిగి వచ్చేసరికి ఫ్యాను విప్పినది విప్పినట్టే ఉంది, దానియేలు లేడు, గొలుసు లేదు. పోలీసులు పట్టుకునేలోపే గొలుసు కరిగిపోయింది.

కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. శిక్ష వేయడానికి ముందు నా నివేదిక అడిగారు. అప్పటికి జామీను మీద బయట ఉన్నాడు. భార్య కూతుర్ని తీసుకుని బంగారుపేటలో పుట్టింటికి పోయింది. నేను పోయి అడిగితే ఒక్కటే మాట చెప్పింది: "జైలుకు పోయినాడంటే ఇంగ రాను మేడం. బిడ్డను జైలు గేటు కాడికి తీసుకపోయేది నా చేత కాదు." కాబట్టి నేను రాయబోయే కాగితం మీద ఒక సంసారం ఆధారపడి ఉంది.

దానియేలును పిలిచి, చేసింది తప్పనిపిస్తోందా అని అడిగాను. నేల చూస్తూ, "ఏమనిపించల్లో తెలీదు మేడం. తాగల్లని మాత్రం అనిపిస్తా ఉండాది" అన్నాడు. కన్నీటి చుక్క లేదు. నారాయణప్పగారి లెక్కన వాడు నేరుగా జైలే.

వాళ్ల చర్చిలో సంఘ పెద్ద సాంసన్‌గారిని కలిశాను. గనిలోకి మనుషులను దింపే ఇంజను నడిపిన మనిషి, మాటల్లోనూ ఆ ఉక్కు ఉంది. దానియేలుకు బల్ల ఆపేశామని చెప్పాడు. బల్ల అంటే వాళ్లందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు భోజనం. తప్పు చేసినవాడు వెనక బెంచీలో కూర్చుని, రొట్టె మీద గుడ్డ తీసే సమయానికి లేచి బయటికి పోవాలి. "గొలుసు తెచ్చి పెట్టల్ల. సంఘం ముందర నిలబడి ఒప్పుకోవల్ల. మారినాడని మాకు తెలియల్ల. ఆమీట చూస్తాం" అన్నాడు. ఆయన చెప్పిన ప్రతి షరతూ నాకు సబబుగానే తోచింది. దేవుణ్ణి నమ్మే ఆయనా, నమ్మని నేనూ ఒకే ధర్మం మీద నిలబడి ఉన్నాం.

ఇక మిగిలింది గొలుసు పోగొట్టుకున్న మనిషి. ఒక శుక్రవారం, ఎండ చుర్రుమంటుండగా, చెప్పకుండా రూతమ్మ ఇంటికి పోయాను. తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద స్టూలు వేసుకుని, కటింగ్ ప్లేయరు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. దానియేలు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆమె ఎక్కడని అడిగాను.

"చర్చికి పొయింది మేడం, ఉపవాస ప్రార్థన. బీగం చెవి ఇచ్చి పొయింది." జేబులోంచి తాళం చెవి తీసి చూపించాడు. తర్వాత కిందికి దిగి, తలుపు దగ్గరే నిలబడిపోయిన నాతో మెల్లగా అన్నాడు: "మీరు కాసేపు ఈడ కూసోండి మేడం. ఆయమ్మ వచ్చేదాకా. నాకు ఒక్కణ్ణే ఉండాలంటే భయంగా ఉండాది."

కూర్చున్నాను. కేసు కాగితాల్లో నేను చదివిన రేకు డబ్బా గూట్లో ఆ చోటనే ఉంది. ఆమె దాన్ని ఇంకో చోట దాచలేదు, తాళం వేయలేదు. దానియేలు దానికి వీపు పెట్టి పని చేశాడు. తిరగాల్సి వస్తే మంచం చుట్టూ తిరిగి అటువైపు నుంచి వచ్చాడు. నేను చదివిన నేరశాస్త్రం పుస్తకాల్లో ఎక్కడా లేని దృశ్యం అది. వాడు జైలుకూ, పోలీసు లాఠీకీ భయపడని మనిషి. ఒక ముసలమ్మ ఇచ్చిన తాళం చెవికి వణుకుతున్నాడు.

రూతమ్మ వచ్చి మమ్మల్ని చూసి నవ్వింది. కాపలాకు ఆఫీసరమ్మనే పెట్టుకున్నావా అని వాణ్ణి ఎగతాళి చేసింది. వాడు ఫ్యాను వేసి చూపించి, తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, కాఫీ కూడా తాగకుండా పోయాడు. అప్పుడు నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. వాణ్ణి ఎలా నమ్మారని అడిగాను.

"నమ్మినానని ఎవురు చెప్పినారు?" అంది.

"మరి?"

"ఫ్యాను సగంలో నిలిచిపొయింది కదా మేడమ్మా. వేరేవాణ్ణి పిలిస్తే ఒక గంటలో అయిపోయేది. అప్పుడు వాడు మళ్లీ నా గడప తొక్కేది ఎట్ల?"

వేసవి అంతా, ఆ రేకుల కప్పు కింద, ఆమె గాలి లేకుండా ఉంది. పక్కింటివాళ్లు వేరే మనిషిని తెస్తామంటే వద్దంది. వాడు తిరిగి రావడానికి మిగిలిన ఒకే ఒక దారి ఆ సగం పని. దాన్ని మూయనివ్వలేదు.

ముందు మారనివ్వాలి, తర్వాత కదా రానివ్వాలి అన్నాను. ఆమె కాఫీ వడపోస్తూ చెప్పింది: "గనిలో బండ పగిలి మనుషులు కింద చిక్కుకుంటారు చూడు. కాపాడేదానికి దిగేవాళ్లు, కింద ఉండేవాడు మంచోడా, తాగుబోతా అని అడిగి దిగుతారా?"

కాపాడడం వేరు, బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు అని వాదించాను. ఆమె గ్లాసు నా చేతికిచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. వాళ్ల అవ్వ కథ చెప్పింది. చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చిన కుటుంబం. సొంత ఊళ్లో బావి దగ్గరికి రానివ్వలేదు. "మంచోళ్లయి రండి అని కూడా చెప్పలేదమ్మా. మీ పుట్టుకే తప్పు అనినారు. పుట్టుకను ఎట్ల దిద్దుకునేది? ఈడికి వస్తే, వచ్చిన మొదటి నెలలోనే అవ్వను బల్ల కాడ కూసోబెట్టినారంట. ఆమెకు చదువు లేదు, ప్రార్థన రాదు, నోట్లో ఆకువక్క. ఆమె ఏం చేసిందని ఇచ్చినారు? ఏమీ చెయ్యలా. దాన్నే కృప అంటాం మేము. ఆ రొట్టె తిన్న దాన్ని, దానియేలుకు నేను లెక్క అడిగేదానికి యాడ ముఖముండాది?"

నా దగ్గర జవాబులు లేవని కాదు. చర్చిల్లోనూ కులాలున్నాయని, సమాధుల స్థలంలో కూడా హద్దులు గీసుకున్నవాళ్లున్నారని నాకు తెలుసు, దాని మీద రాశాను కూడా. అంత కృప ఉన్న దేవుడు బండలు ఎందుకు పగలనిచ్చాడని ఆమెనే అడిగాను. "అది నేనూ అడగల్లనే ఉండాను. పోయినంక అడుగుతా. నువ్వు నమ్మవు కదా, నీ తరపున కూడా అడుగుతాలే" అంది. వాదంలో నేను ఓడలేదు. కానీ అంటరానితనాన్ని ఎన్నో ఏళ్లుగా ఉపన్యాసాలతో కొట్టిన నేను, దాన్ని ఒక రొట్టెముక్కతో దాటిన మనుషుల మనవరాలి ఎదుట కూర్చున్నానని ఆ క్షణం నాకు తెలిసింది. అర్హత అడిగే ప్రతి గుమ్మం ఎక్కడో ఒకచోట ఆ బావి గట్టు లాంటిదే.

కోర్టులో

విచారణ రోజు వరండాలో సాంసన్‌గారు కనిపించాడు, మండిపోతూ. అంతకు ముందు ఆదివారం రూతమ్మ ఏం చేసిందో చెప్పాడు. బల్ల సమయానికి దానియేలు లేచి బయటికి పోబోతే, ముందు వరసలోంచి ఆమె వెనక్కి తిరక్కుండానే, యాడికిరా అని అడిగిందట. వాడికి బల్ల ఆపామని సాంసన్‌గారు గుర్తుచేస్తే, పోయింది నా గొలుసు, నన్ను అడగకుండా మీరెట్ల ఆపినారు అందట. పాస్టరు చిన్నవాడు, చివరికి బల్ల నాదీ కాదు పెద్దాయనదీ కాదు, కూసో దానియేలా అన్నాడట. "చర్చా ఇది, సత్రమా? క్రమశిక్షణ లేకపోతే సంఘం నిలుస్తాదా మేడం?" అని నన్నే అడిగాడు. ఆ ప్రశ్న తప్పు కాదు. ఇప్పటికీ నేను దాన్ని తప్పనను.

నా నివేదికలో ఉన్నదున్నట్టు రాశాను. కన్నీళ్లు లేవు, తాగుడు మానలేదు, గొలుసు రాలేదు. తాళం చెవి సంగతీ రాశాను. న్యాయమూర్తి అది రెండుసార్లు చదివి, రూతమ్మను ముందుకు పిలిచారు. ఇతను మారాడని మీరు చెప్పగలరా అని అడిగారు.

అబద్ధమాడితే సరిపోయేది. ఒక్క మాటతో వాడి ఇల్లు నిలబడేది. దానియేలు తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

"మారినాడని చెప్పలేను సామీ. మావోడని చెప్పగలను."

న్యాయమూర్తి కళ్లజోడు తీసి, ఇతనికి జామీను ఎవరు నిలబడతారని అడిగారు. దానియేలుకు అన్నదమ్ములు లేరు. రూతమ్మ పేరున ఏమీ లేదు. వెనకనుంచి సాంసన్‌గారు లేచాడు.

"నేను నిలబడతా సార్. వాడి మీద నాకు కోపం తగ్గలా. కోపం ఒక పక్క ఉండనీ. సంతకం యాడ పెట్టల్ల?"

బాండు మీద విడిచిపెట్టారు. మెట్లు దిగేటప్పుడు సాంసన్‌గారు దానియేలు చెయ్యి పట్టుకుని, ఆటో ఎక్కేదాకా తిడుతూనే ఉన్నాడు. ఒక్కసారైనా ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత

దానియేలు మహాత్ముడయ్యాడని రాస్తే మీకు తృప్తిగా ఉంటుంది. కాలేదు. వానలు పడ్డాక భార్య, కూతురు తిరిగి వచ్చారు. తర్వాత ఒకసారి తాగి పడిపోయాడు, ఇంకోసారి ఎవరితోనో కొట్టుకున్నాడు. రెండుసార్లూ నేను పోయాను. రెండుసార్లూ నాకంటే ముందే సాంసన్‌గారు అక్కడ ఉండి తిడుతున్నాడు. గొలుసు తిరిగి రాలేదు. వాడు మాత్రం లైన్లోనే ఉన్నాడు. మళ్లీ రైలెక్కి పనికి పోతున్నాడు, ఆదివారం బెంచీలో కూర్చుంటున్నాడు, మళ్లీ దొంగతనం చేయలేదు. చేసి ఉంటే రూతమ్మ మాట తప్పయ్యేదా? కాదని నా అభిప్రాయం. ఆమె వాడి నడవడికి పూచీ పడలేదు. వాడు ఎవరివాడో చెప్పింది.

మన చట్టంలో ఆ మాటకు చోటు లేదు. మన సంస్కరణ సంఘాల్లోనూ లేదు. ముందు అర్హత చూపించు, తర్వాత దగ్గరికి రా అంటాం. ఆ చర్చి మనుషులు, వాళ్లలో వాళ్లు పోట్లాడుకుంటూనే, దీన్ని తిరగేశారు: ముందు రా, మిగతాది తర్వాత చూద్దాం. అది ఆకాశం నుంచి దిగిందని వాళ్ల నమ్మకం. మనుషులు కనిపెట్టిన అతి గొప్ప విషయాల్లో ఒకటని నా నమ్మకం. ఎక్కడినుంచి వచ్చిందన్న దాని మీద మేం చచ్చేదాకా వాదించుకోవచ్చు. పనిచేస్తుందన్న దాని మీద వాదం లేదు, నేను కళ్లారా చూశాను. దేవుణ్ణి నమ్మనివాళ్లం కృపను కూడా వాళ్లకే వదిలేసి చేతులు దులుపుకుంటే, అంతకన్నా పెద్ద మూఢత్వం లేదు.

ఈ ఉద్యోగంలోకి వస్తున్న మీతో ఇక నేరుగా చెబుతున్నాను. ఇప్పుడు మీ బల్ల మీద ఒక మనిషి కేసు ఉంటుంది. మారాడని రుజువు లేనివాడు, మీకు నచ్చనివాడు. నివేదిక పక్కన పెట్టండి. లేవండి. వాడి వీధికి పోయి ప్రతి తలుపూ కొట్టండి. వీడు మంచివాడా అని అడగొద్దు, వీడు ఎవరివాడు అని అడగండి. మావాడే అని ఒక్క గొంతు పలికేదాకా తిరగండి, ఆ గొంతును కోర్టుకు తీసుకురండి. ఎవరూ పలకకపోతే వాడి గుమ్మంలో మీరే కూర్చోండి, వీధి చూసేలా కూర్చోండి. ఈ రోజే పొండి.